మన చిన్న పట్టణమునకు పరిశ్రమలు వచ్చుటెట్లు?

మన సంఘ సభ్యులు పదిమంది యొకచోట కూడినప్పుడెల్ల తప్పక పుట్టు ప్రశ్న యొకటి కలదు. "మన పట్టణమునకు రైలు కలదు, బస్సులు కలవు, సంతయు కలదు. చుట్టుపట్ల గ్రామముల పంటయంతయు ఇచ్చటి కాటామీదికే వచ్చుచున్నది. అయినను మంచి కార్ఖానా యొక్కటియైనను ఇచ్చట నిలువదేమి? చదువుకొనిన మన బిడ్డలు పనికొరకు హైదరాబాదునకో, బెంగుళూరునకో పోక తప్పదా?" అని వారు మమ్మడుగుచుందురు.

ఈ ప్రశ్న పట్టణవాసులదే గాని పల్లెటూరి రైతులది కాదని కొందరు తలంతురు. అది పొరపాటు. పట్టణములో సరకు కొనువారు ఇద్దరే యున్నచో ధర వారిద్దరి నోటియందుండును. పదిమంది యున్నచో రైతు మాటకును కొంత బలము వచ్చును. పట్టణములో పని దొరికినచో రైతుబిడ్డ పగలు పని చేసికొని సాయంకాలమునకు ఇల్లు చేరును. దొరకనిచో సంక్రాంతికి మాత్రమే కన్పడును. కావున పట్టణపు బాగు పల్లె బాగోగులతో ముడివడియున్నది. రైతులు ఈ విషయమును పట్టణపు పెద్దలకు వదలిపెట్టి యూరకుండుట తగదు.

ఈ ప్రశ్నకు సాధారణముగా వినవచ్చు సమాధానము ఒక్కటే. "ఎవరైన పెద్ద షావుకారును పిలిపింపుడు. భూమి ఉచితముగా నిండు. పన్ను తగ్గింపుడు. ఆయన కార్ఖానా కట్టును, ఊరు బాగుపడును" అని చెప్పుదురు. ఇందులో కొంత నిజము లేకపోలేదు. వ్యాపారికి చోటును, నీరును, విద్యుత్తును, దారియు కావలెను. కాని వ్యాపారి వచ్చినంతమాత్రమున ఊరు బాగుపడునా? వచ్చిన వ్యాపారి ఒక్కడే యైనచో ఏమగును? ఈ ప్రశ్నలకు ఊహలతో సమాధానము చెప్పుటకంటె, ఈ రెండు స్థితులను అనుభవించి చూచిన పట్టణము నొకదానిని పరిశీలించుట మేలని మేము తలంచితిమి. ఆ పట్టణము గుజరాతులోని ఆనంద్.

వ్యాపారి వచ్చెను, రైతు బాగుపడలేదు

ఆనంద్ పట్టణము అహమ్మదాబాదునకును బరోడాకును నడుమ రైలుమార్గముమీద నున్నది. దాని చుట్టునుగల సీమను చరోతర్ అందురు. ఆ సీమ పొగాకునకును, పాడిగేదెలకును పేరుపొందినది. ఆ కాలమున నది కైరా జిల్లాలోనిది. 1930 ప్రాంతమున పాల్సన్ అను కంపెనీవారు అచ్చట వెన్నతీయు పెద్ద కార్ఖానాను స్థాపించిరి. పైన చెప్పిన సమాధానము ప్రకారము చూచినచో ఆనంద్ కోరిక అప్పుడే ఈడేరినది. పెద్ద వ్యాపారి వచ్చెను, యంత్రములు వచ్చెను, వెన్న దేశమంతట పేరుపొందెను.

తరువాత 1945లో బొంబాయి ప్రభుత్వమువారు బొంబాయి నగరమునకు మంచిపాలు సరఫరా చేయుటకు ఒక పథకమును పెట్టిరి. ఆనంద్‌నుండి ఆ నగరము 400 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. పాలను కాచి, చల్లార్చి, విరుగకుండ అంతదూరము పంపవలెను. ఆ సామర్థ్యము పాల్సన్ వారికి మాత్రమే యుండుటచేత, కైరా ప్రాంతపు పాలు సేకరించు హక్కును ప్రభుత్వము వారికే కట్టబెట్టెను. ఇక రైతునకు పాలుపోయుటకు వేఱు ద్వారము లేకపోయెను. నడుమ దళారులు చేరిరి. బొంబాయివారు పాలకు మంచి వెల నిచ్చుచున్నను అందు రైతు చేతికి వచ్చినది స్వల్పమే. పాలు నిలువయుండు సరకు కాదు. ఉదయము పిదికినవి సాయంకాలమునకు విరిగిపోవును. కావున బేరమాడుటకు రైతునకు వ్యవధియే లేదు.

ఇచ్చట సభ్యులు గమనింపదగిన విషయము కలదు. ఆ పట్టణమున రైలున్నది, సరకున్నది, కార్ఖానా యున్నది, కొనువాడున్నాడు. అయినను పల్లెలు పేదలుగనే యుండెను. పల్లె పేదదైనచో పట్టణపు అంగళ్ళలో కొనుగోలు ఉండదు; కొనుగోలు లేనిచో రెండవ వ్యాపారి రాడు. ఒక్క వ్యాపారికి సర్వహక్కులు నిచ్చి తలుపు మూసికొన్న పట్టణము, వ్యాపారము లేని పట్టణమువలెనే యెదుగక నిలిచిపోవును.

15 దినముల పట్టుదల

రైతుల ప్రతినిధులు సర్దారు వల్లభాయి పటేలు గారిని కలిసికొని తమ కష్టము చెప్పుకొనిరి. ఆయన ఆ జిల్లావాడే. మీరే సహకార సంఘముగా నేర్పడి, మీ పాలు మీరే అమ్ముకొనుడనియు, అందుకొరకు కొంతకాలము నష్టమున కోర్చుకొనవలసియుండుననియు ఆయన వారికి సలహా నిచ్చిరి. మురార్జీ దేశాయి గారిని అచ్చటికి పంపిరి. 1946 జనవరి 4వ తేదీన సమర్ఖా అను గ్రామమున సభ జరిగెను. గ్రామగ్రామమున పాల సంఘము స్థాపింపవలెననియు, ఆ సంఘములన్నియు ఒక యూనియనుగా చేరవలెననియు, ప్రభుత్వము ఆ యూనియనువద్దనే పాలు కొనవలెననియు ఆ సభ తీర్మానించెను.

ప్రభుత్వము సమ్మతింపలేదు. అంతట రైతులు పాలు అమ్ముట మానిరి. 15 దినములు ఆ వ్యాపారుల కొక చుక్కయైనను పోయలేదు. పాడిమీద బ్రతుకు కుటుంబమునకు 15 దినముల రాబడి పోవుట ఎట్టి కష్టమో మన సభ్యులకు మేము వివరింప నక్కఱలేదు. గేదెకు మేత పెట్టక తప్పదు. పాలు పిదుకక తప్పదు. డబ్బు మాత్రము రాదు. అయినను వారు చలింపలేదు. బొంబాయికి పాలు రాక ఆ పథకము ఆగిపోవు స్థితి కలిగెను. అధికారులు దిగివచ్చి రైతుల కోరికను ఒప్పుకొనిరి. 1946 డిసెంబరు 14వ తేదీన కైరా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల యూనియను రిజిస్టరయ్యెను. ఆనంద్ వాస్తవ్యులైన త్రిభువన్‌దాసు పటేలు గారు దానికి మొదటి అధ్యక్షులైరి.

1948 జూన్‌లో ఆ యూనియను బొంబాయికి పాలు పంపుట ప్రారంభించునప్పటికి దానియందు చేరియున్న గ్రామసంఘములు రెండే. దినమునకు వచ్చు పాలు సుమారు 250 లీటర్లు. ఆ సంవత్సరాంతమునకు 432 మంది రైతులు చేరిరి. పాలు సుమారు 5,000 లీటర్లకు పెరిగెను. మన సంఘములు చిన్నవి, మనవలన నేమగునని నిరుత్సాహపడు సభ్యులు ఈ 250 లీటర్ల లెక్కను జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి.

కొలతయు చెల్లింపును

ఆ యూనియను విజయమునకు మూలము పెద్ద యంత్రములు కావని మా అభిప్రాయము. గ్రామసంఘపు గుమ్మమువద్ద ఉదయము, సాయంకాలము జరుగు పనియే దానికి మూలము. కలవారును లేనివారును, అన్ని కులములవారును ఒకే వరుసలో నిలువబడి పాలు పోయుదురు. పోసినవారి యెదుటనే పాలు కొలుతురు. వెన్న యెంత యున్నదో పరీక్షింతురు. ఆ వెన్ననుబట్టి వెల కట్టుదురు. ఉదయము పోసిన పాలకు సాయంకాలమును, సాయంకాలము పోసిన పాలకు మఱునాటి ఉదయమును డబ్బు చెల్లించు పద్ధతిని పెట్టిరి. నీళ్ళు కలిపినవానికి లాభము లేదు. మంచి మేత పెట్టినవానికి నష్టము లేదు. ఒక్క గేదె గల విధవరాలికిని చేతికి రొక్కము వచ్చెను.

ఈ రొక్కము దినదినము పల్లెకు వచ్చి, పల్లెనుండి పట్టణపు అంగళ్ళకు పోవును. తవుడు, చెక్క, బట్ట, పుస్తకము, మందు ఇత్యాదులన్నియు రైతు ఆ డబ్బుతో కొనును. ఏడాది కొకమారు వచ్చు పంటసొమ్ము అప్పులవానికి పోవును. దినదినము వచ్చు సొమ్ము అంగడికి పోవును. పట్టణములో క్రొత్త అంగడి పెట్టదలచినవాడు చూచునది ఈ సొమ్మునే.

పాలవెంట వచ్చిన పనులు

1949లో వర్గీస్ కురియన్ అను కేరళీయ యువకుడు ప్రభుత్వోద్యోగముమీద ఆనంద్ చేరెను. ప్రభుత్వము తన చదువునకు ధనసహాయము చేసినందున, కట్టుబాటు ప్రకారము అచ్చటి చిన్న ప్రభుత్వ క్షీరశాలలో ఆయన పని చేయవలసివచ్చెను. ఆ గడువునుండి విముక్తుడై పోవ సిద్ధముగా నుండగా త్రిభువన్‌దాసుగారు యూనియను యంత్రములు చక్కబెట్టి పొమ్మని కోరిరి. ఆయన మఱి పోలేదు. ఆ యూనియను మేనేజరై ఆ పట్టణముననే జీవితమంతయు గడపెను. చదువుకొనినవారు చిన్న పట్టణమున నిలువరని మనము తఱచు చింతింతుము. చేయదగిన పనియు, నమ్మదగిన పెద్దయు నున్నచో నిలుతురనుట కిది నిదర్శనము.

శీతకాలమున గేదెలు హెచ్చుగా పాలిచ్చును. బొంబాయివారు ఆ పాలనంతయు కొనరు. మిగిలిన పాలనేమి చేయవలెను? పొడిగా మార్చి నిలువచేయవలెను. అయితే గేదెపాలను పొడి చేయుట సాధ్యముకాదని విదేశపు నిపుణులు చెప్పుచుండిరి. కురియన్‌గారి సహచరుడైన హెచ్. ఎం. దలాయా గారు అది సాధ్యమేయని చేసి చూపిరి. ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యంత్రములతో సహాయపడెను. 1955 అక్టోబరు 31వ తేదీన నెహ్రూగారు ఆ కార్ఖానాను ప్రారంభించిరి. 'అమూల్' అను పేరు ప్రసిద్ధికి వచ్చినది అటుతరువాతనే.

ఆ పిమ్మట జరిగినవానిని వరుసగా చూడుడు. గేదెలకు మేత కావలెను గనుక సమీపమునగల కంజరీలో 1964లో పశువుల దాణా కార్ఖానా వెలసెను. దానిని ప్రారంభించుటకు వచ్చిన ప్రధానమంత్రి లాల్‌బహదూరు శాస్త్రిగారు అజర్‌పురా అను గ్రామమున ఒక రాత్రి గడపి, రైతులతో మాటలాడి, ఈ పద్ధతి దేశమంతట వ్యాపింపవలెనని కోరిరి. 1965లో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడెను. దాని ముఖ్యకార్యాలయము ఢిల్లీలో గాక ఆనంద్‌లోనే నెలకొనెను. 1973లో గుజరాతు పాల యూనియనులన్నిటి విక్రయ సమాఖ్యయు, 1979లో గ్రామీణ నిర్వహణ విద్యాసంస్థయు ఆ పట్టణముననే వెలసెను. నేడు ఆ సమాఖ్యకు పాలుపోయు రైతులు సుమారు 36 లక్షలమంది. 1997లో ఆనంద్ స్వయముగా జిల్లా కేంద్రమయ్యెను. వీనిలో దేనిని గూర్చియు ఆ పట్టణమువారు తొలుత కలగనలేదు. వారు మొదట సరిచేసికొనినది పాల కొలతయు, పాల వెలయు మాత్రమే.

భూమి నిచ్చి విద్యను తెచ్చుకొనిరి

ఆనంద్ ప్రక్కనే జరిగిన మఱియొక కార్యమును గూర్చి మనవారు తక్కువగా వినియుందురు. భాయికాకా యను పేర ప్రసిద్ధుడైన భాయిలాల్‌భాయి పటేలుగారు విశ్రాంతి తీసికొనిన ఇంజనీరు. ఆయన 1945 ప్రాంతమున మిత్రులతో కలిసి చరోతర్ సీమ పల్లెల నడుమ విద్యానగరము కట్టుటకు పూనుకొనెను. చుట్టుపట్ల గ్రామముల రైతులు భూమి నిచ్చిరి. అదియే వల్లభ విద్యానగర్. 1948లో అచ్చట ఇంజనీరింగు కళాశాల ప్రారంభమయ్యెను. 1955లో సర్దారు పటేలు పేర విశ్వవిద్యాలయము వెలసెను.

పిమ్మట 1960లో, బొంబాయిలో పుట్టిన ఎలికాన్ అను యంత్రనిర్మాణ కంపెనీ ఆ విద్యానగరమునకు తరలివచ్చెను. 1960 తరువాతి సంవత్సరములలో విఠల్ ఉద్యోగ్‌నగర్ అను పారిశ్రామికవాటిక అచ్చట పెరిగెను. రైతులు తమ భూమిని నేరుగా కార్ఖానాకే యిచ్చియున్నచో ఒక కార్ఖానా మాత్రమే వచ్చియుండెడిది. పాఠశాలలకును కళాశాలలకును ఇచ్చుటచేత యంత్రము నడపు చేతులు తయారయ్యెను. ఆ చేతులున్నచోట కార్ఖానాలు చేరెను. భూమి నొకమారే యీయవచ్చును. నేర్చిన చేతులు ఏటేట వచ్చుచుండును.

మన తెలుగునాట

ఇదంతయు గుజరాతువారికే సాధ్యమని యెవరును తలంపవలదు. నాటి విశాఖపట్టణము జిల్లాలో, నేటి అనకాపల్లి జిల్లాలోనున్న ఏటికొప్పాకలో రైతులు 1933లోనే సహకార చక్కెర కార్ఖానాను స్థాపించుకొనిరి. ఆనంద్ యూనియనుకంటె అది 13 ఏండ్లు ముందు. గుంటూరు మిరప సంగతి మనకందఱకు తెలిసినదే. మిరప ఒక్కచోట కుప్పపడి, తూకమై, వేలమగుచుండుటచేత ఆ నగరము చుట్టును శీతల గిడ్డంగులును, కారము పట్టు మిల్లులును, ఎగుమతి వర్తకులును చేరిరి.

నాటి కరీంనగరము జిల్లాలో, నేటి హనుమకొండ జిల్లాలోనున్న ముల్కనూరు మఱియొక నిదర్శనము. అచ్చట అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి నాయకత్వమున 1956లో సహకార పరపతి సంఘము స్థాపింపబడెను. అప్పు లిచ్చుటతో నిలువక, విత్తనములు, ఎరువులు, ధాన్యము మరపట్టుట, పంట అమ్ముట మున్నగు పనులన్నియు ఆ సంఘము చేపట్టెను. ఆ ప్రాంతపు స్త్రీలు మొదట చిన్న పొదుపు సంఘములుగా నేర్పడి, తమ డబ్బు తామే కూడబెట్టి, తామే అప్పులిచ్చుకొని, లెక్కలు వ్రాయుట నేర్చిరి. ఆ పునాదిమీద 2000 తరువాత తమ పాల సహకార యూనియనును నిలబెట్టుకొనిరి. వారు మొదట అభ్యసించినది నెలనెల పొదుపును, లెక్కయు. పాలశాల తరువాత వచ్చినది.

అయితే సహకారమను పేరు మంత్రము కాదు. మన రాష్ట్రమున సహకార చక్కెర కార్ఖానాలు అనేకము నష్టములపాలై మూతబడినవి. చెరకు తోలిన రైతునకు డబ్బు ఆలస్యమైనచో మఱుసటి ఏడు ఆతడు చెరకు వేయడు. చెరకు తగ్గినచో యంత్రము పూర్తిగా తిరుగదు. యంత్రము తిరుగనిచో ఖర్చు పెరుగును. ఖర్చు పెరిగినచో డబ్బు ఇంకను ఆలస్యమగును. ఈ చక్రములో చిక్కిన సంఘమును ఎవరును రక్షింపజాలరు. ముల్కనూరును ఆనంద్‌ను నిలిపినది చెల్లింపు. మూతబడినవానిలో తొలుత చెడునదియు చెల్లింపే.

వడ్లగింజ చెప్పు లెక్క

ఇప్పుడు మన పట్టణమునకు వత్తము. మనకు పాలకంటె ముందు వడ్లు కన్పడుచున్నవి గనుక వానినే తీసికొందము. 100 క్వింటాళ్ళ వడ్లు మరపట్టినచో సుమారు 67 క్వింటాళ్ళ బియ్యము వచ్చును. ఊక సుమారు 20 క్వింటాళ్ళు, తవుడు 5 మొదలు 8 క్వింటాళ్ళ వఱకు నుండును. ఆ తవుటిలో నూటికి 15 మొదలు 20 వంతుల వఱకు నూనె యుండును. నూనె తీసిన పిప్పి పశువులకును కోళ్ళకును దాణా యగును. ఊక బాయిలరులో మండును.

వడ్లు వడ్లుగనే లారీ యెక్కి పోయినచో బియ్యముతోపాటు ఈ ఊక, తవుడు, నూనె, దాణా పనులన్నియు లారీయెక్కి పోవుచున్నవి. పోయిన తవుడే చెక్కయై, దాణాయై, కిరాయి తగిలించుకొని తిరిగి మన పట్టణపు అంగడికి వచ్చుచున్నది. మనమే దానిని కొనుచున్నాము. పత్తిగింజ సంగతియు ఇట్టిదే. పత్తి పోవును, గింజ దానితో పోవును, గింజచెక్క మన గేదెలకొరకు తిరిగి వచ్చును. పోవు బండికిని వచ్చు బండికిని కిరాయి రైతుదే. పట్టణమునకు ఏ పరిశ్రమ తగునని నగరపు నిపుణు నడుగుటకు ముందు, మన పట్టణమునుండి పోవు లారీలలో నేమున్నది, వచ్చు లారీలలో నేమున్నది యని ఒక్క యేడు వ్రాసి చూచినచో సమాధానము సగము అందే దొరకును.

మనము చేయదగినవి

పై విషయములనుబట్టి మన సంఘములును, పంచాయతీలును, పురపాలక సంఘమును చేయదగిన పనులు కొన్ని మాకు తోచుచున్నవి.

మొదటిది లెక్క. ప్రతి గ్రామసంఘమును తన గ్రామమునుండి ఏ నెలలో ఏ సరకు ఎంత పోయినదో, బయటినుండి ఏది ఎంత వచ్చినదో వ్రాసి యుంచవలెను. ఏ వ్యాపారియైనను మొదట అడుగునది, ఏడాదికి ఎంత సరకు, ఎన్ని నెలలపాటు దొరకునని. ఆ ప్రశ్నకు కాగితముమీద జవాబు చెప్పగల పట్టణమునకు వ్యాపారి రెండవమారు వచ్చును.

రెండవది తూకము. కాటా అందఱికిని కన్పడునట్లుండవలెను. తరుగుపేర కోత యుండరాదు. తేమ యెంత, తాలు ఎంత, రాయి యెంత యని రైతు యెదుటనే పరీక్షింపవలెను. రైతులును తమ బాధ్యత మఱువరాదు. తడిసిన వడ్లు మంచివానిలో కలుపుట, బస్తా నడుమ నాసిరకము పెట్టుట మానవలెను. ఒక్కని మోసమువలన ఊరి సరకంతటికి వెల తగ్గును.

మూడవది చెల్లింపు. మన సంఘముద్వారా అమ్మిన సరకునకు నియమిత దినమున డబ్బు చేరవలెను. ఇది జరుగనప్పుడు సర్వసభ్య సమావేశమున పాలకవర్గమును ప్రశ్నించుట ప్రతి సభ్యునకును హక్కు మాత్రమే గాదు, విధియు.

నాలుగవది మదుపు. మన పట్టణమున పరిశ్రమకు డబ్బు లేదనుట పూర్తిగా నిజము కాదు. మన యిండ్లలో నున్న డబ్బు బంగారమై కూర్చున్నది, లేక నగరపు స్థలములకు పోవుచున్నది. చిన్న డిపాజిట్లు సంఘమున చేరి, వానికి నిక్కమైన తనిఖీ జరుగుచుండినచో గిడ్డంగియో, ఆరబెట్టు కళ్ళమో, చిన్న మరయో మన డబ్బుతోనే నిలుచును. మన డబ్బు పెట్టిన పట్టణమున బయటివాడును డబ్బు పెట్టుటకు జంకడు.

ఐదవది చేతిపని. మన హైస్కూలు పిల్లలలో మోటారు విప్పి బిగింపగలవారు, వెల్డింగు చేయగలవారు, లెక్కలు వ్రాయగలవారు ఎందఱు? పట్టణపు వర్క్‌షాపులవారును, పారిశ్రామిక శిక్షణ సంస్థలవారును, సంఘములును కలిసి ఏటేట కొందఱినైనను తయారుచేయవలెను.

ఆఱవది ఒప్పందము. బయటి వ్యాపారి వచ్చినప్పుడు గౌరవముతో ఆహ్వానింపవలెను. అనుమతి పత్రములకు నెలలతరబడి త్రిప్పరాదు. కాని కొన్ని విషయములు ముందుగనే వ్రాయించుకొనవలెను. భూమి నమ్ముటకంటె కౌలునకిచ్చుట మేలు. చెప్పిన గడువులో కార్ఖానా కట్టనిచో భూమి తిరిగి రావలెను. చెరువులోనికి మురుగునీరు వదలరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది: మా ఊరి సరకంతయు నీవొక్కడివే కొనుమని యెవరికిని హక్కు వ్రాసి యీయరాదు. కైరా రైతులు 15 దినములు పస్తుండి విప్పుకొనిన ముడిని మనము చేజేతుల బిగించుకొనరాదు గదా.

మా మనవి

వీనిలో మొదటి మూడు పనులకు ప్రభుత్వ సహాయమును అక్కఱలేదు, షావుకారు దయయు అక్కఱలేదు. ఒక పుస్తకము, ఒక నిక్కమైన కాటా, మాట తప్పని పాలకవర్గము చాలును. పని చిన్నదిగా కన్పడుటచేతనే మనము దానిని ఉపేక్షించి, పెద్ద కార్ఖానా యెప్పుడు వచ్చునాయని రహదారివంక చూచుచున్నాము.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందుగా ప్రతి గ్రామసంఘపు కార్యదర్శియు తన గ్రామమునుండి పోవు సరకుల పట్టికను, వచ్చు సరకుల పట్టికను తయారుచేసి తీసికొనిరావలెనని మా ప్రార్థన. పాడి లెక్క మన యిండ్లలోని స్త్రీలకే బాగుగ తెలియును గనుక వారినడిగి వ్రాయవలెను. ఆ పట్టికల నన్నిటిని కూర్చి ఈ పత్రికయందే ప్రకటింతుము. మన పట్టణమున మొదట నిలుపదగిన దేదియో, ధాన్యపు గిడ్డంగియో, తవుటి నూనెమరయో, పాలు చల్లార్చు కేంద్రమో, అప్పుడందఱము కూర్చుండి నిర్ణయింపవచ్చును. ఆనంద్ కథ 250 లీటర్లతో మొదలయ్యెను. మన కథ ఎన్ని బస్తాలతో మొదలగునో ఆ పట్టికలే చెప్పవలెను.